కాలవ వంతెన మీద క్లచ్

మా ఆయనకు పక్కచూపు పోయిందని, ఇక కారు నడపకూడదని రాజమండ్రిలో కంటి డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. ఎదురుగా ఉన్నవి బాగానే కనిపిస్తాయి. పక్కన ఏనుగు నిలబడినా తెలియదు. ఆయన కళ్ల గురించి పెద్దగా బాధపడలేదు, కారు గురించి బాధపడ్డారు. మా అన్నయ్య కూడా చాలా బాధపడి, మా కారుకు సరిపడే స్టీరింగ్ కవరు కొని తెచ్చుకున్నాడు. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. కారు ఎక్కడికీ పోదు, నేనే నేర్చుకుంటానని చెప్పేశాను.

నేర్పింది మా ఆయనే. పక్క సీట్లో కూర్చుని, "క్లచ్ పూర్తిగా తొక్కు. గేరు వెయ్యి. ఇప్పుడు నెమ్మదిగా వదులు. బండి కాస్త వణుకుతుంది చూడు, అక్కడ కాలు ఆపి ఆక్సిలరేటర్ ఇవ్వు. కదిలాక మిగతాది వదిలెయ్" అనేవారు. నేను ఒక్కసారిగా వదిలేసేదాన్ని. కారు ఎగిరిపడి ఆగిపోయేది.

"క్లచ్ మీద నీకేంటే అంత కోపం?" అనేవారు. కోపం అన్నయ్య మీద. ఆ తేడా నా కాలికి తెలియదు.

చెప్పి చెప్పి విసిగి, ఆయన తన ముందున్న రబ్బరు మ్యాట్‌ను తొక్కడం మొదలుపెట్టారు. అక్కడ క్లచ్ లేదు. అయినా ఎడమ కాలితో తొక్కేవారు, నెమ్మదిగా లేపేవారు. ఆ కాలిని చూస్తూ నేనూ లేపితే కారు హాయిగా కదిలేది. వచ్చిన చిక్కల్లా, నేను రోడ్డు చూడడం మానేయడమే. ఒకరోజు రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా వెళ్లిపోయాం. రైతు పరుగెత్తుకొచ్చి, "అటు కిందకి చూస్తారేంటండీ, రోడ్డు ముందుంది కదండీ!" అన్నాడు.

ఆయనకు అది అలవాటైపోయింది. అన్నం తింటూ బల్ల కింద తొక్కేవారు. టీవీలో ఎవరైనా కారెక్కితే వాళ్లకోసం కూడా తొక్కేవారు.

ఈ సంగతి అన్నయ్య చెవిన పడింది. ఒక ఆదివారం స్టీరింగ్ కవరు చంకలో పెట్టుకుని వచ్చాడు.

"బావగారి కాలితో నడుపుతున్నావంట కదమ్మా. నువ్వొక్కదానివే కాలవ వంతెన దాటు, ఇంక కారు మాటెత్తను. దాటలేకపోతే తాళాలు ఇచ్చెయ్" అన్నాడు.

కొవ్వూరు దాటి ఇటు వస్తే మా వైపు నేలంతా చదునే. ఉన్న ఎత్తల్లా ఆ వంతెనే. సరేనన్నాను.

సగం ఎక్కాక గేదెలు అడ్డం వచ్చాయి. ఆపాను. అవి పక్కకు తప్పుకున్నాయి గానీ నా కారు కదలలేదు. క్లచ్ వదిలితే ఇంజను ఆగింది, తొక్కితే కారు వెనక్కి జారింది. వెనకాల బస్సు హారను మొదలుపెట్టింది. వంతెన మొదట్లో టీ కొట్టు దగ్గరున్న వాళ్లంతా లేచారు.

"సగమే వదలండమ్మా!"

"హ్యాండ్‌బ్రేక్ వేసుకోండమ్మా!"

"ప్రార్థన చేసుకోండమ్మా!"

హ్యాండ్‌బ్రేక్ వేశాను. వాళ్ల మధ్య నిలబడ్డ అన్నయ్య అప్పటికే కవరు ప్యాకెట్టు చింపుతున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మా ఆయన నడుచుకుంటూ వంతెన పైకి వచ్చి, నాకు కనబడేలా ఒక వారగా నిలబడ్డారు. పిట్టగోడ పట్టుకుని, ఊరంతా చూస్తుండగా, ఎడమ కాలితో రోడ్డును గట్టిగా తొక్కారు. తర్వాత తల వంచి, తన కాలినే చూసుకుంటూ, పొలంలో కొంగలా నెమ్మదిగా లేపసాగారు. నేనూ తొక్కి, ఆయనతోపాటే వదిలాను. కారు వణికింది. ఆయన కాలు సగంలో ఆగింది, నాదీ ఆగింది. ఆక్సిలరేటర్ ఇచ్చి హ్యాండ్‌బ్రేక్ దించాను. కారు ఎక్కేసింది. ఆయన పక్కనుంచే దాటి, అవతల దిగి ఆపాను.

అద్దంలో చూశాను. గేదెలు మళ్లీ బస్సుకు అడ్డం వచ్చినట్టున్నాయి, హారను మోగుతూనే ఉంది. మా ఆయన అలాగే తల వంచుకుని, కాలు గాలిలో నిలిపి, నాకోసం ఆగి ఉన్నారు.

దిగి పరుగెత్తాను. భుజం పట్టుకుని, "ఎక్కేశానండీ. ఇంక దించండి" అన్నాను.

"చూశాన్లే" అన్నారు, కాలు దించుతూ.