పన్నెండో వాడి గుండు

కబడ్డీ జట్టులో పన్నెండో వాడంటే ఆటగాడు కాదప్పా, నీళ్ల క్యాను మోసేవాడు. తిరుపతిలో మా డిగ్రీ కాలేజీ జట్టులో రెండేండ్లుగా ఆ పదవి నాదే. పేరు దయానంద్, ఊరు పూతలపట్టు. కోచ్ సారు నన్ను పేరుతో పిలిచింది లేదు, ‘ఏయ్ పూతలపట్టూ’ అంటాడు. ఒకే ఒకసారి కూతకు పోయినాను. గీత దాటకముందే దమ్ము అయిపోయింది. అయినా నేనూ జట్టులో ఒకడినని ఎవరైనా ఒక్కసారి అంటే చాలని ఉండేది. సిగ్గు లేదు నాకు.

మొన్న శనివారం జిల్లా ఫైనల్ గెలిచినాము. గెలిచినామంటే, వాళ్లు ఆడినారు, నేను గొంతు పోయేటట్టు అరిచినాను. అయిపోయినాక కెప్టెన్ మునిశేఖర్ చుట్టూ చేరి, మొక్కు తీర్చాల, రేపు అలిపిరి నుంచి నడిచిపోయి గుండు కొట్టించుకోవాల అని మాట్లాడుకుంటా ఉండారు. నేను క్యాను మోసుకుని దగ్గరికి పోతానే అందరి నోళ్లూ మూతబడినాయి. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మేము చర్చికి పోయేవాళ్లమని వదిలేసినారు, ఇంకేముంది.

రోషమొస్తే నా బుద్ధి పని చేయదు. మామూలప్పుడూ అంతంతమాత్రమే. ఆదివారం ఆరాధన కాగానే మా ఊరి సెలూన్‌లో వెంకటముని ముందర కూర్చుని, నున్నగా కొట్టెయ్‌మన్నాను. కొండ మీదైనా ఈడైనా గుండు గుండే కదా, ఇప్పుడు నన్నెట్లా వేరు చేస్తారో చూస్తాననుకున్నాను. ఇంటికి పోతే మా అమ్మ తల నిమిరి, పేలు పడినాయా నాయనా అని అడిగింది.

సోమవారం టోపీ పెట్టుకుని గ్రౌండుకు పోయి, అందరి ముందర గొప్పగా తీసినాను. చూస్తే పదకొండు తలలూ జుట్టుతోనే ఉండాయి. ఒక్కడి క్రాపు కూడా చెదరలేదు. వాళ్లలో రాజారత్నం నవ్వి నవ్వి కింద కూలబడినాడు. అప్పుడు చూసినాను, వాడి మోకాళ్లు దోక్కుపోయి ఉండాయి. వాడివే కాదు, అందరివీ.

మునిశేఖర్ నవ్వలేదు. నా గుండు మీద చెయ్యి పెట్టి, "మేమంతా గుండ్లతో ఉండి నువ్వొక్కడివి జుట్టుతో ఉంటే యాడ బాగుంటాదిరా? నిన్ను రమ్మని ఇబ్బంది పెట్టలేము. అందుకే గుండు మానుకుని, కొండదారిలో మోకాళ్ల మెట్లు మోకాళ్లతోనే ఎక్కినాము" అన్నాడు.

మరి మొక్కు తప్పినందుకు దేవునికేమి చెప్పుకున్నారని అడిగినాను.

"మేము పన్నెండు మందిమి స్వామీ, పన్నెండు మందిమీ చెయ్యలేము, క్షమించు అన్నాము."

పదకొండు అనలేదు వాళ్లు, కొండ మీద కూడా. నేను ఆడనే నిలబడి బోరుమన్నాను. గుండుతో ఏడిస్తే మనిషి ఎంత అసహ్యంగా ఉంటాడో ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.