మూడో ఆదివారం లేచి నిలబడ్డ నాయన

మొన్న మా మనవళ్ళిద్దరు టీవీ ముందర కూసొని, ఎక్కడో అమెరికాలో అధ్యక్ష పదవికి నిలబడ్డాయన గెలిస్తే ఏ దేశానికి ఆయుధాలిస్తడు, ఏ యుద్ధం ఆపుతడు అని గొంతులు చించుకుంటుంటే, మనకెందుకురా ఆ లొల్లి అని కసరబోయి నోరు మూసుకున్న. గసుంటి లొల్లి నడుమనే ఒకప్పుడు నా పెండ్లి ఆగింది. ఈ పిల్లలకు చెప్తే నవ్వుతరు గానీ, మన ఈడు వాళ్ళు నవ్వరని నాకు తెలుసు.

డెబ్భై ఒకటి డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం మొదలయ్యేనాటికి మా అన్న సిపాయిగా తూర్పు సరిహద్దులో ఉన్నడు, అన్న దగ్గర్నుంచి ఏ కబురూ లేక అమ్మకు అన్నం సయించేది కాదు. నాయన నాచారం కార్ఖానాలో ఫిట్టరు. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, ఉప్పల్‌లో ఇంకో కార్ఖానాలో పనిచేసుకుంట ఎర్రజెండా యూనియన్‌లో తిరిగెటోడు. పనయినంక ఆ రాళ్ళ బాట మీద, చెల్క పొలాల నడుమ నుంచి సైకిలేసుకొని మా ఇంటికొచ్చేవాడు. ఆయనతోనే నాకు పెండ్లి కుదిరింది. మా క్రైస్తవుల్లో పెండ్లి కుదిరితే మూడు ఆదివారాలు ఆరాధనలో అందరి ముందర ప్రకటన చదువుతరు, ఎవరికన్న అభ్యంతరముంటే అప్పుడే లేచి చెప్పాలె, మూడోసారి గూడ ఎవరూ లేవకుంటేనే పెండ్లి. మొదటి ఆదివారం చల్లగ గడిచింది.

నాయన సంగతి జర చెప్పాలె. నల్లగొండ దిక్కు పల్లెలో చిన్నప్పుడు కాలికి పుండై నడవలేక పడివుంటే, మిషన్ దవాఖానాలో ఒక అమెరికా దొరసాని తన చేతులతో కడిగి కట్టుకట్టి, మంచం పక్కన కూసొని అక్షరాలు గూడ దిద్దించిందట. అందుకని నాయనకు అమెరికా అంటే ఆ దొరసానే. అసుంటిది ఆ దేశపు సర్కారు పాకిస్తాన్ పక్క నిలబడ్డదని తెలిసేసరికి మనిషి తలెత్తుకోలేకపోయిండు. అప్పుడే రేడియోలో ఒక ముక్క విన్నడు. వచ్చే ఏడు అక్కడ అధ్యక్ష పదవికి పోటీచేయబోయే ఒకాయన, పాకిస్తాన్‌కు తుపాకులిచ్చుడు తప్పు, యుద్ధాలు ఆపాలె అంటున్నడట. ఇగ చూడండి, నాయనకు పానం లేచొచ్చింది. హోటల్లో చాయ్ తాగినా, ఇంట్లో అన్నం తిన్నా ఆయన మాటే. బావకేమో ఒళ్ళు మండేది. వాళ్ళంతా ఒక్క తాను గుడ్డలే మామా, ఓట్ల కోసం చెప్పే మాటలవి, ఆయన గెలవడు, గెలిచినా ఏం చెయ్యడు అని ముఖం మీదనే అనేటోడు.

రెండో ఆదివారం మా ప్రకటన చదివినంక, సిపాయిల కోసం ప్రార్థన చెయ్యమని నాయనను లేపిన్రు. నాయన కండ్లు మూసుకొని అందరు సిపాయిల కోసం చేసి, అక్కడికి ఆగితే ఎంత బాగుండు, ఆగలే. ప్రభువా, ఆ అమెరికా ఆయనను గెలిపించు అని గొంతెత్తి అడిగిండు. కిటికీల అవతల జనం నడుస్తున్నరు. అప్పటికే బస్తీలో కొందరు మమ్మల్ని అమెరికోళ్ళ మతమని ఎత్తిపొడుస్తున్నరు. ఎవరూ ఆమెన్ అనలేదు. బావ లేచి, మామా, ఇది మన పోరగాండ్ల కోసం పెట్టుకున్న ప్రార్థన, అమెరికా ఓట్ల కోసం కాదు అన్నడు. నాయన ముఖం నల్లబడ్డది. ఆ వారమంతా ఇద్దరికీ మాటల్లేవు. అమెరికా నౌకల దండొకటి బంగాళాఖాతం దిక్కొస్తున్నదని రేడియో చెప్తుంటే నాయన గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. నేనేమో, నాయన మూడో ఆదివారం అభ్యంతరమని లేస్తడేమో, నా బతుకేం గావాలె అని రోజులు లెక్కబెట్టుకున్న.

మూడో ఆదివారానికి యుద్ధం అయిపోయింది. ఊరంతా మిఠాయిలు పంచుకున్నరు. అన్న కబురు మాత్రం లేదు. మా దగ్గర ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క చాపల మీద కూసునేది, నాయన లేస్తే పట్టి కూసోబెట్టనీకి అమ్మకు చెయ్యందదు. పాస్టరు అయ్యగారు మా పేర్లు చదివి తలెత్తి చూసిండు. నాయన లేచిండు.

"అయ్యగారూ, నాకు అభ్యంతరముంది. పిల్లగాని మీద కోపం లేదు. నా కొడుకు ఉన్నడో లేడో తెల్వదు, పెండ్లిల నిలబడి నవ్వుడు నాతోని కాదు. ఈ యుద్ధం ఎవడో ఒకడు ఆపుతడని అనుకోకుంటే నాకు నిద్ర పట్టలే, గందుకే గా అమెరికా ఆయనను పట్టుకున్న."

వెనక నుంచి బావ వచ్చి నాయన పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నడు. పెండ్లి ఆగినందుకు నాకు ఏడుపు రావాలె గదా, రాలేదు; వాళ్ళిద్దరిని గట్ల చూస్తే గుండె నిబ్బరమైంది.

క్రిస్మస్‌కు ముందే టెలిగ్రాం వచ్చింది. అన్న లేడు.

మళ్ళా వానకాలంలో మూడు ఆదివారాలు చదివిన్రు, ఎవరూ లేవలేదు, నేను ఉప్పల్ కోడలినైన. నాయన మాత్రం అమెరికా ఆయన కోసం ప్రార్థన మానలే. ఇంకెందుకు నాయనా అంటే, అక్కడ వియత్నాంలో యుద్ధం నడుస్తనే ఉన్నది గదమ్మా, నా కొడుకు రాకపాయె, వాళ్ళ కొడుకులన్న ఇల్లు చేరాలె అన్నడు. ఆ దినం నుంచి మా ఆయన ఆ ప్రార్థనకు ఆమెన్ అనేది నా చెవులతో విన్న.

ఆ నవంబరులో అమెరికా ఆయన చిత్తుగ ఓడిపోయిండని పొద్దున రేడియో చెప్పింది. మేమిద్దరం నాచారం పోయేసరికి నాయన గడప మీద కూసొని ఉన్నడు.

"నువ్వు చెప్పినట్టే అయింది అల్లుడా," అన్నడు.

మా ఆయన ఆ గడప కిందనే కూలబడి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. నా మాట తప్పు గావాలనే మొక్కుకున్న మామా అన్నడు.

ఆ చెల్కలన్నీ ఇప్పుడు ఇండ్లయినయి, మా చాపల మందిరం మూడంతస్తులైంది, పెండ్లి ప్రకటనలు తెర మీద వచ్చి పోతున్నయి, చదివినంక ఎవరి కోసం ఎవరూ ఆగరు. వాదించేటోళ్ళు ఇప్పుడు గూడ మస్తుగున్నరు. తన మాట గెలిచినందుకు ఏడ్చిన మనిషిని మాత్రం, మా ఆయన పోయినంక, నేను మళ్ళా చూడలే.