గుమ్మం దగ్గర విప్పిన బూట్లు

మా చెల్లి సునీత కూతురికి పుట్టుకతోనే రెండు పాదాలూ లోపలికి మెలితిరిగి ఉన్నాయి. భీమవరంలో డబ్బు తీసుకోకుండా వారం వారం పిండికట్టు మార్చి, ఐదు కట్లలో పాదాలు సరిచేశారు. మళ్ళీ తిరక్కుండా, మధ్యలో కడ్డీ ఉన్న బూట్ల జత ఇచ్చారు. మూడు నెలలకే పాదాలు మళ్ళీ మెలిపడ్డాయి. కట్లు మళ్ళీ మొదలుపెట్టి, ఈసారీ నిలవకపోతే ఆపరేషనే అన్నారు. "అక్కడి బూట్లు నాసిరకం అయ్యుంటాయే, ఇక్కడ అమెరికావి పంపుతా" అని నేను ఆరిందాలా చెప్పాను. 2013 మేలో మా ప్రయాణానికి కారణం అదే.

శనివారం పొద్దున ఏడింటికి, టెక్సస్‌లో నేనుండే ప్లేనోలో బయల్దేరాం. కారు మా తెలుగు చర్చి దానియేలు అన్నయ్యది. 75వ నంబరు హైవే మీద డాలస్ దాటి 35 ఎక్కితే వేకో ఊరు రెండు గంటలు. రానూపోనూ పెట్రోలుకి ముప్ఫై డాలర్లయింది.

"బూట్ల కోసం ఇంత దూరమా చెల్లెమ్మా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేయలేకపోయావా?" అన్నాడు అన్నయ్య.

"కొత్తవి చాలా కాస్ట్లీ అన్నయ్యా. వేకోలో స్వప్నగారి పాపకీ ఇలాంటి పాదాలేనట, ఆ పాపవి ఊరికే ఇస్తానన్నారు."

స్వప్నది కరీంనగర్. మేము గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాం. ఆవిడ తెచ్చిన బూట్ల పట్టీ మీద పసుపు మరక ఉంది. ఏమిటని అడిగాను.

"పసుపే అక్కా. ఇంట్ల బూట్లేంది, దేవుని అర్రల పూజ కాడ బూట్లేంది అని మా అత్తమ్మ మస్తు లొల్లి చేసింది. డాక్టరేమో రోజుకు ఇరవైమూడు గంటలు తియ్యొద్దన్నడు. ఆఖరికి ఆయుధపూజ నాడు ఆమెనే వాటికి పసుపు కుంకుమ పెట్టింది. ఇగ లొల్లి బంద్."

"ఇంట్లో కూడా వేసే ఉంచాలా?"

"ఇంట్లనే గదా అక్కా! చంటిపిల్ల ఇంకేడికి పోతది?"

ఆవిడ ఐదేళ్ళ పాప వచ్చి, "ఆంటీ, అవి నా బూట్స్. బేబీకి ఇస్తారా?" అని అడిగి, కార్పెట్ మీద చక్కగా పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. ఫిబ్రవరిలో సునీత ఫోన్ చేసి, "డాక్టరుగారు తీయద్దన్నారు గానీ, కుటుంబ ప్రార్థన చాప మీద బూట్లేంటని మా అత్తగారు ఊరుకోవట్లేదక్కా" అంది. ఆఫీసు పనిలో ఉన్నాను. "ఇంట్లో బూట్లేంటే, గుమ్మం దగ్గర తీసెయ్. బయటికెళ్ళినప్పుడు వెయ్యి" అని పెట్టేశాను.

బయటికొచ్చి అప్పటికప్పుడే ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర.

"సునీతా, తప్పు బూట్లది కాదే. నాది. తీసెయ్యమని నేనే చెప్పా."

"అమెరికాలో ఉన్నావు కదా, తెలిసే చెప్పావనుకున్నానక్కా" అంది. కోప్పడినా బాగుండేది.

తిరుగు దారంతా బూట్లు ఒళ్ళోనే పెట్టుకున్నాను. భీమవరం డాక్టరుగారు సరైన వైద్యమే చేశారు, సరైన మాటే చెప్పారు. సముద్రాల అవతల కూర్చుని ఆ మాటను ఒక్క నిమిషంలో కొట్టిపారేసింది నేను. సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఆ పసుపు మరక మాత్రం కడగలేదు. ఒక అత్తగారు మెత్తబడిన గుర్తు అది, ఇంకో అత్తగారు చూడాలి.

మీరూ ఇలాంటివి పంపేటట్టయితే, పెట్టెలో తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక చీటీ పెట్టండి. నేను రాసింది ఇది: "ఇవి చెప్పులు కావు, మందు. గుమ్మం దగ్గర విప్పకండి, ప్రార్థనకైనా సరే. నేను ముందు చెప్పింది తప్పు. మీ పాప పెద్దమ్మ."