కృష్ణ ఒడ్డున సముద్రం

మా మిత్రుడు బొంబాయి మిల్లులో పనికి పోయేముందు ముగ్గురం కలిసి ఒకసారి సముద్రం చూడాలనుకున్నాం. బొంబాయిలో సముద్రం ఉంటుందని మాకు తెలుసు. కానీ అక్కడ వాడి పక్కన మేం ఉండం.

అందుకని దేవరకొండలో సైకిళ్లు కిరాయికి తీసుకుని, కృష్ణ ఒడ్డు పట్టుకుని బందరు సముద్రం దాకా పోదామని బయలుదేరాం. నది ఎట్లాగూ అటే పోతుంది, దారి అడిగే పని లేదన్నది నా తెలివి. నది పోయే గుట్టల్లో సైకిలు పోదని ఆ తెలివికి తట్టలేదు.

పల్లేరు కాయలు గుచ్చుకుని రెండు ట్యూబులు పోయాయి. టైర్లలో గడ్డి కుక్కి గుట్ట మీదికి నెట్టుకొచ్చాం. దారి అక్కడితో అయిపోయింది. కింద కృష్ణ వరద మీద ఉంది. మా నిజాం ఇలాకా ఈ ఒడ్డుతో సరి; ఆవలి ఒడ్డున ఉండాల్సిన ఇంగ్లీషు ఇలాకా వానలో కనిపించడమే లేదు.

"గిదే సముద్రం అనుకుందాం తియ్‌రా," అన్నాడు మూడోవాడు.

"అనుకుంటే అయితదా? నీళ్లు ఉప్పగుండాలె," అన్నాను నేను.

బొంబాయి పోయేవాడు కిందికి దిగి, దోసెడు నీళ్లు తాగాడు.

"ఉప్పగనే ఉన్నయిరా. జర నువ్వు సుత తాగి చూడు."

నేనూ దిగి తాగాను. మట్టి వాసన వేసే తియ్యటి నీళ్లు. వాడు నా నోటి వంకే చూస్తున్నాడు.

"అవునురా, మస్తు ఉప్పగున్నయి," అన్నాను.

వాడు బొంబాయి పోయి మూడేళ్లయింది. బందరు పోదాం రమ్మని ఎవరైనా పిలిస్తే, నేను సముద్రం చూశానని చెబుతున్నాను.