మేనత్త కనిపించుట లేదు

భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్ లైబ్రరీలో తెలుగు విభాగానికి నన్ను బదిలీ చేసింది నేను రిటైరవడానికి ఆరేళ్ల ముందు, ఒక జూలై మొదటి సోమవారం. అంతకుముందు పదిహేడేళ్లు భిలాయిలోనే ఒక స్కూలు లైబ్రరీలో పనిచేశాను. స్కూలు లైబ్రేరియన్ పని సగం పుస్తకాలివ్వడం, సగం గొడవ చేసేవాళ్లని గదమాయించడం. కొత్త చోట రెండో సగం అక్కర్లేకపోయింది. గొడవ చేయడానికి మనుషులే లేరు.

విభాగమంటే నాలుగు ఇనప బీరువాలు, ఒక పొడవాటి బల్ల, ఆరు కుర్చీలు, ఒక సీలింగ్ ఫ్యాను. మిగతా హాలంతా హిందీ, ఇంగ్లీషు పుస్తకాలు, పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు. చార్జి తీసుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. చార్జి తీసుకోవడమంటే రిజిస్టరులో ఉన్న ప్రతి పుస్తకాన్నీ నంబరు ప్రకారం బీరువాలో చూసి, ఉంటే టిక్కు పెట్టి, లేకపోతే లేదని రాసి, సంతకం చేయడం. ఆ నాలుగు రోజుల్లో ప్రతి పుస్తకం వెనక అతికించిన డేట్ స్లిప్ కూడా చూశాను. పుస్తకం తిరిగివ్వాల్సిన తేదీని ముద్ర కొట్టే కాగితం అది. ఒక పుస్తకాన్ని ఎందరు తీసుకెళ్లారో ఆ కాగితం అబద్ధం లేకుండా చెబుతుంది. కొన్నింటి మీద ఆఖరి ముద్ర కొట్టి తొమ్మిదేళ్లయింది.

అప్పుడు టౌన్‌షిప్ లైబ్రరీలన్నిటికీ మేనేజరు మిశ్రా గారు. ఆయనది రాయపూర్. సిబ్బంది విభాగంలో పెరిగిన ఆఫీసరు. కాగితం మీద ఉన్నదాన్నే నమ్ముతారు, కాగితం మీద ఉంటే తప్పకుండా నమ్ముతారు. ఆయన నన్ను పిలిచి మర్యాదగానే చెప్పారు. ఎవరూ తీయని పుస్తకాల్ని ఏరేయడాన్ని మా వృత్తిలో వీడింగ్ అంటారు, కలుపు తీయడమన్నమాట. తెలుగు విభాగం మొత్తానికే ఆ పని చేయాలన్న ఆలోచన ఉందనీ, ఏడాది గడువిస్తున్నాననీ, ఈలోగా పాఠకుల అభిప్రాయాలు రాతలో సేకరించి హిందీలో సారాంశం ఇవ్వమనీ అన్నారు. అభిప్రాయాలు బాగుంటే విభాగం ఉంటుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు.

మంచి తెల్లకాగితాల పుస్తకం ఒకటి తెచ్చి, పైన 'మీ అభిప్రాయం' అని గుండ్రంగా రాసి, కలానికి దారం కట్టి బల్ల మీద పెట్టాను. మూడు వారాల్లో ఒకే ఒక్క అభిప్రాయం వచ్చింది. 'కిటికీ పక్క కుర్చీ ఊగుతోంది.'

వారానికి రెండుసార్లు వచ్చే సింహాచలం గారు అది చూసి నవ్వారు. ఆయన రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. టెక్కలి దగ్గరి మనిషి, ముప్ఫై ఏళ్ల సర్వీసు.

"మేడమ్, తెల్లకాయితం ఇస్తే మావోలు ఏటి రాస్తారు? భయపడతారు. లాగ్‌బుక్కు లాగ గళ్లు గీసీసి ఇయ్యండి. సూడండి మరి, రాయకుండా ఉండలేరు."

లాగ్‌బుక్కంటే ప్లాంటులో షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకి అప్పగించే పుస్తకం. యంత్రం ఎలా ఉంది, ఎక్కడ ఏ లోపం కనిపించింది, ఏం చేశారు, ఏం మిగిలింది అన్నీ అందులో రాసి సంతకం చేయాలి. ఎక్కేవాళ్లు చదివి సంతకం పెట్టాకే స్విచ్చి మీద చెయ్యి వేయాలి. ఆయన చెప్పినట్టే గళ్లు గీశాను. తేదీ, పుస్తకం, గమనించిన లోపం, తీసుకున్న చర్య, సంతకం. నాకేం తెలుసు, గళ్లతో పాటు గళ్ల అలవాటు కూడా వస్తుందని.

వారం తిరిగేసరికి పేజీలు నిండడం మొదలైంది. మూడు తరాల కుటుంబ కథ ఒకటి, ఇటుకంత లావు నవల, దాని మీద సింహాచలం గారు ఇలా రాశారు: 'మొదటి అరవై పేజీలు వేడెక్కలేదు. తర్వాత లోడు బాగా తీసుకుంది. చివరి అధ్యాయంలో హఠాత్తుగా ట్రిప్ అయింది. కథానాయిక మేనత్త 200వ పేజీ తర్వాత కనిపించుట లేదు. వెతకవలెను.'

పది రోజుల తర్వాత దాని కింద ఇంకొకరు: 'మేనత్త కోసం నేనూ చూశాను. దొరకలేదు. చర్య: తర్వాతి షిఫ్టుకు వదిలాను.'

డిటెక్టివ్ నవల మీద: 'హంతకుడు 112లో ఎడంచేతి వాటం. 140లో కుడిచేత్తో కాల్చాడు. సరిచూడవలెను.' షుగరుకి పథ్యం చెప్పే పుస్తకం మీద: 'నెల రోజులు వాడితిని. ఆకలి పెరిగినది. లోపం పుస్తకానిదో నాదో తెలియరాలేదు.' ఒక యాత్రా పుస్తకంలో రచయిత ఎక్కడో ఉక్కు కొలిమి చూసి వెన్నెలలా ఉందని రాశాడట. దాని మీద ఎర్రసిరాతో: 'రచయిత కొలిమి దగ్గరికి పోలేదు. పోయినవాడు కళ్లు మూసుకుంటాడు.' ఊరగాయల పుస్తకం మీద ఒకాయన 'మాగాయలో మెంతిపిండి ఎక్కువ చెప్పారు' అని రాసి, తీసుకున్న చర్య గడిలో 'భార్యకు తెలిపితిని, తిట్టినది' అని రాశారు.

ఈ రాతలన్నిటికీ మొదటి పాఠకురాలు పైడితల్లి గారు. రుఆబాంధా సెక్టారు నుంచి ప్రతి మంగళవారం ఆటోలో వచ్చేవారు. డెబ్బై దాటాయి. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన భర్త పోయారు, ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇంట్లో కొడుకు, కోడలు, మనవలు అందరూ ఆవిడని ప్రేమగానే చూసుకుంటారు, హిందీలో. వచ్చీ రాగానే ముందు పుస్తకం అడిగేవారు కాదు, రిజిస్టరు తెమ్మనేవారు. వేలితో వరసలు దిద్దుకుంటూ చదివి, తర్వాత తన వంతు రాసేవారు. ఆవిడకి ఏ పుస్తకమూ పూర్తిగా నచ్చిన పాపాన పోలేదు. వంట బాగుందంటే వడ్డన బాగోలేదనే రకం. ఒకసారి నేనూ కాస్త చిరాకుపడి, ఒక్కటైనా బాగుందని రాయొచ్చు కదండీ అన్నాను.

"బాగున్నాది రాయడం ఏటమ్మా, అది తెలుస్తాది కదా," అన్నారు.

ఆ మాట అప్పుడే పట్టించుకుని ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు. నేను పట్టించుకోలేదు.

ఏడాది ముగిశాక సారాంశం తయారుచేశాను. లెక్క తప్పకుండా సారాంశం చేయడంలో నాకు కొంచెం గర్వం ఉండేది, ఒప్పుకుంటాను. రాతల్ని మూడు రకాలుగా విడదీశాను. ఫిర్యాదులు ఒక రకం. పొగడ్తలు ఒక రకం. లోపం గడిలో 'నిల్' అని రాసి సంతకం చేసినవి మూడో రకం, వాటికి 'అభిప్రాయం లేదు' అని పేరు పెట్టాను. ఒక సన్నటి నవల మీదైతే వరసగా పదకొండు మంది 'నిల్' అని రాసి ఊరుకున్నారు. పాపం, ఎవరూ ఒక్క ముక్కైనా చెప్పలేదే అనుకున్నాను. మొత్తం మీద మూడింట రెండు వంతులు ఫిర్యాదులు, మిగతావి అభిప్రాయం లేనివి, పొగడ్త ఒక్కటీ లేదు. నమూనాకి కొన్ని రాతల్ని హిందీ చేసి, జతపరిచి పంపాను.

ఎనిమిదో రోజున ఉత్తర్వు వచ్చింది. పాఠకులు చాలా అసంతృప్తిగా ఉన్నందున తెలుగు విభాగాన్ని నెలాఖరులోగా మూసి, పుస్తకాలను స్టోరుకు పంపి, బీరువాలను పోటీ పరీక్షల విభాగానికి అప్పగించవలెను. ఆయన తప్పేముంది? నేను పంపిన కాగితం చదివితే నేనైనా అదే ఉత్తర్వు ఇస్తాను.

మర్నాడు మంగళవారం. పైడితల్లి గారికి ఎలా చెప్పాలో తెలియక ఉత్తర్వు చదివి వినిపించాను. ఆవిడ రిజిస్టరుని దగ్గరికి లాక్కున్నారు.

"పుస్తకాలు పట్టుకుపోతే పట్టుకుపోనీ. నాకు ఈ రిజిస్టరు ఒక్కటి ఇచ్చీయమ్మా. ఇందలో ఉన్నోల్లు ఎవలూ నాకు మొకాన తెలీదు. అయినా ఈ ఊర్లో నాతోటి తెలుగు మాటాడీవోలు ఈలే."

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. ఇన్ని తప్పులు పట్టారు కదండీ, ఒక్కళ్లైనా ఒక మంచి మాట రాసి ఉంటే ఇంతదాకా వచ్చేదా అన్నాను. అక్కడే కూర్చున్న సింహాచలం గారు తెల్లబోయి చూశారు.

"లాగ్‌బుక్కులో మంచి మాటేటి మేడమ్? క్రేను ఈరోజు సక్కగా తిరిగిందని ఎవడైనా రాస్తాడా? రాస్తే పిచ్చెక్కిందనుకుంటారు. లోపం ఉంటే రాయాల. లేదంటే మొత్తం సూసినాక నిల్ రాయాల. సూడకుండా నిల్ రాసినోడి ఉద్యోగం ఊడిపోద్ది."

పైడితల్లి గారు తల ఊపారు. "మా ఆయన డ్యూటీ దిగి వచ్చీసరికి 'ఈయేల ఏటి' అని అడిగీదాన్ని. 'నిల్' అనీవోరు. ఆ మాట ఇన్నాకే అన్నం వడ్డించీదాన్ని."

ఆ పదకొండు నిల్‌ల సన్నటి నవల తీసి చూశాను. డేట్ స్లిప్ నిండిపోతే దాని మీద రెండోది, దాని మీద మూడోది నేనే అతికించాను. నా చేత్తో అతికించి, నా చేత్తో ముద్రలు కొట్టి, అభిప్రాయం లేదని నా చేత్తోనే రాశాను. మేనత్త నవలకి నాలుగు స్లిప్పులున్నాయి. ఎన్ని తప్పులు రాశారో అంత ఎక్కువ మంది తీసుకెళ్లారు. పుస్తకం ముట్టనివాడికి 140వ పేజీలో హంతకుడి చెయ్యి ఎలా తెలుస్తుంది? ఇరవై మూడేళ్ల సర్వీసులో నా అంత తెలివితక్కువ లైబ్రేరియన్‌ని నేను చూడలేదు.

ఆఫీసులో మన తప్పుని మనమే కాగితం మీద పెట్టడం ఆనవాయితీ కాదు. అయినా పెట్టాను. 'సారాంశంలో వర్గీకరణ పూర్తిగా తప్పు, బాధ్యత నాది' అని రాసి, ప్రతి రాతకీ ఎదురుగా డేట్ స్లిప్పులోని ముద్రల లెక్క వేసి, మిశ్రా గారి దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. సింహాచలం గారు, పైడితల్లి గారు మేమూ వస్తామన్నారు. వద్దంటే వినే మనుషులు కారు.

మిశ్రా గారు రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. మరి ఎవరూ బాగుందని ఎందుకు రాయలేదని హిందీలో అడిగారు. సింహాచలం గారు అదే హిందీలో బదులిచ్చారు. ముప్ఫై ఏళ్లలో తన క్రేను బాగుందని ఒక్కరూ రాయలేదనీ, అలాగని అది రోజూ లోడెత్తడం మానలేదనీ. మిశ్రా గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆయన అడిగిన ప్రశ్న నేను ఊహించలేదు.

"ఇంతకీ ఆ మేనత్త దొరికిందా?"

నేను పంపిన నమూనా రాతల్లో అదొకటి. అది చదివినప్పటి నుంచీ ఆ మేనత్త ఏమైందా అని ఆయన బుర్ర తొలిచేస్తోందట. పైడితల్లి గారు కుర్చీలో ముందుకి జరిగారు. తనకి వచ్చిన హిందీలో, రానిచోట తెలుగు కలిపి, 215వ పేజీలో ఉందని చెప్పారు. పెళ్లిలో వంటల దగ్గర కూర్చుని గుమ్మడికాయ తరుగుతోందనీ, ఒకే ఒక్క వాక్యమనీ, తొందరగా చదివేవాళ్లకి దొరకదనీ, ఆ సంగతి ఈ మంగళవారం రాద్దామని వస్తే మూసేస్తున్నామన్నారనీ చెప్పారు. సింహాచలం గారు నోరు తెరిచి ఆవిడ వైపు చూశారు. ఏడాదిగా వెతుకుతున్నది ఆయన కదా.

మిశ్రా గారు చాలాసేపు నవ్వారు. ఉత్తర్వు మీద 'ప్రస్తుతానికి నిలిపివేయడమైనది' అని రాశారు. నా ఒప్పుకోలు కాగితాన్ని ఫైలులో పెట్టకుండా నాకే తిరిగిచ్చేశారు. ఒక్క షరతు పెట్టారు. రిజిస్టరులో ఇంకో గడి ఉండాలి, 'ఈ పుస్తకం ఇతరులకు సిఫారసు చేస్తారా' అని. పై అధికారులకి చూపించడానికి. గీశాను. ఆ గడిలో మా పాఠకులు ఐదేళ్ల పాటు ఒకటే మాట రాశారు: 'వారి ఇష్టం.' బీరువాలు మాత్రం నాలుగు నుంచి ఆరయ్యాయి.

ఈ సంగతి నుంచి నేను నేర్చుకున్నది చిన్నదే. పాఠకుడు ఏం రాశాడన్నది లెక్కపెట్టే ముందు, రాయడం ఎక్కడ నేర్చుకున్నాడో తెలుసుకోవాలి. తప్పు చూపించాడంటే చివరిదాకా చదివాడని అర్థం. ఏ తప్పూ లేదని సంతకం పెట్టాడంటే, తర్వాతివాడు ధైర్యంగా తీసుకెళ్లొచ్చని పూచీ పడ్డాడని అర్థం. నా తర్వాత వచ్చిన లైబ్రేరియన్‌కి చార్జి ఇస్తూ మొదట చెప్పింది ఇదే.

ఆ చార్జి ఇచ్చిన రోజు కూడా మంగళవారమే. పుస్తకాలన్నీ అప్పగించాక ఆఖరున రిజిస్టరు మిగిలింది. తెరిచి చూస్తే ఆఖరి పేజీలో పుస్తకం గడిలో 'లైబ్రేరియన్ మేడమ్' అని ఉంది. సింహాచలం గారు రిటైరైనా రాత మారలేదు. 'ఫ్యాను కింద కుర్చీ ఆరేళ్లలో ఎవరికీ ఇవ్వలేదు. పుస్తకం ఒక్కరోజు ఆలస్యమైనా మొహం చూడరు. గొంతు కొంచెం ఎక్కువ. చర్య: అలవాటు పడితిమి.' దాని కింద ఇంకో నలుగురు ఇంకో నాలుగు లోపాలు రాశారు, అన్నీ నిజమే.

అన్నిటికంటే కింద పైడితల్లి గారి రాత. ఆరేళ్లలో ఒక్క పుస్తకాన్నీ తప్పు పట్టకుండా వదలని మనిషి. లోపం గడిలో ఒకే మాట రాసి సంతకం పెట్టారు. 'నిల్.'

చదివినట్టు నేనూ పక్కన సంతకం చేసి, రిజిస్టరు అప్పగించాను.