మేడమ్ అడిగిన ప్రశ్న

మేడమ్ ఇక లేరని ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "అక్క మీ ముచ్చట మస్తు చెప్పేది సార్" అన్నాడు. నా భార్యకు చెబితే పొయ్యి ఆర్పేసి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ పూట మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు పక్షవాతం వచ్చింది. నాంపల్లిలో ఒక ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తాను నేను. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. కర్ర పట్టుకుని నడవగలిగాక, వ్యాయామం కోసం దవాఖానకు వెళ్తుంటే అక్కడ కలిశారు మేడమ్. మెదక్ వైపు మనిషి. పక్షవాతం వచ్చినవాళ్లు ఇంటర్నెట్‌లో తమ జబ్బు గురించి చదివింది ఎంత అర్థం చేసుకుంటున్నారో, దాన్ని ఎట్లా వాడుకుంటున్నారో కొలవాలని పరిశోధన పెట్టుకున్నారు.

"నెట్‌ల మీకు కావల్సింది ఎతుక్కుంటరా సార్?"

"ఔ మేడమ్."

"చదివింది అర్థమైతదా?"

"ఎందుకు కాదు? నా పనే ఇంగ్లీషు గదా!"

అన్నిటికీ నాకు మంచి మార్కులే పడ్డాయి. మేడమ్ మాత్రం పెన్ను మూసి నవ్వారు. "చదివిన్రా అంటే అందరు ఔ అనే అంటరు. జర నాకు చదివి చూపిస్తరా?"

నన్నూ నా భార్యనూ ఆటోలో ఆబిడ్స్‌లోని ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లారు. నేను రోజూ చూసే పేజీ తెరిచి దర్జాగా చదివాను, "స్టాప్ ది టాబ్లెట్స్ వెన్ యూ ఫీల్ బెటర్." బాగైందనిపిస్తే గోలీలు ఆపెయ్యాలని అర్థం కూడా చెప్పాను. మేడమ్ మళ్లీ చదవమన్నారు. మళ్లీ అదే చదివాను. అప్పుడు ఆమె తెర మీద ఎడమ అంచున వేలు పెట్టారు.

"గీడ ఏమున్నది సార్?"

తల ఎడమకు తిప్పి చూస్తే రెండు చిన్న మాటలు కనిపించాయి. "డు నాట్."

మేడమ్ అసలు సంగతి విడమరిచి చెప్పారు. కళ్లు బాగానే ఉన్నాయట, దెబ్బ తిన్న మెదడే ఎడమవైపును పట్టించుకోవడం లేదట. నా భార్య ఒక్కసారిగా ఏడ్చింది. "పళ్లెంల ఆ దిక్కున్న గోంగూర ముడుతనే లేరు మేడమ్. నా మీద కోపమేమో అనుకున్న."

"గోలీలు ఆపిన్రా?" అని మేడమ్ అడిగితే నేను తల దించుకున్నాను. ఆపి వారం దాటింది. ఆమె వెంటనే లేచారు. అదే ఆటోలో తిరిగి దవాఖానకు తీసుకుపోయారు. బీపీ బాగా పెరిగి ఉంది. డాక్టర్ మందు వేసి, అది దిగేదాకా పడుకోబెట్టాడు. మేడమ్ ఇంటికి పోకుండా మంచం పక్కనే కూర్చొని, నా భార్యకు బత్తాయిలు ఒలిచి పెడుతూ ఉన్నారు.

ఆ తర్వాత కాగితానికి ఎడమ అంచున ఎర్ర రిబ్బన్ అంటించి నాకు చదవడం నేర్పారు. వేలు రిబ్బన్‌ను తాకాకే వరస మొదలుపెట్టాలి. కోఠి ఫుట్‌పాత్ మీద పెద్దక్షరాల పాత పుస్తకాలు ఏరి తెచ్చేవారు. "మొదలు దొరికితే చాలు సార్, తక్కింది అదే వస్తది" అనేవారు. తన ప్రశ్నలను కూడా పక్కన పెట్టేసి, ప్రతి మనిషితో ముందు ఒక పేజీ పైకి చదివించి, విన్న తర్వాతే కొలవడం మొదలుపెట్టారు. పని చాలా ఆలస్యమైంది. పైవాళ్లు విసుక్కున్నారు. "ఎవరెంత చదువుతున్నరో తెల్వకుంట ఏం కొలుస్త?" అన్నారు నాతో.

నేను మళ్లీ ఆఫీసుకు వెళ్లాను. మేడమ్ అప్పుడప్పుడు ఫోన్ చేసేవారు. ఒంట్లో ఎట్లుందని ఎప్పుడూ ముందు అడగలేదు. "ఏం చదువుతున్నరు సార్?" అనేవారు. నేను చెప్పేదంతా వినేవారు. తనకు ఒంట్లో బాగాలేని రోజుల్లోనూ అదే అడిగారు, నేనూ గొప్పగా చెప్పుకుంటూ పోయాను. ఇప్పుడు ఏదైనా మంచి పేజీ చదివితే చెయ్యి ఫోన్ వైపు పోతుంది. ఆ ప్రశ్న అడిగే గొంతు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

ఆబిడ్స్ దగ్గర చర్చిలో ఆఖరి ప్రార్థన జరిగింది. వెనక బెంచీల్లో మేము, ఆమె దగ్గర చదివినవాళ్లం, కర్రలతో కూర్చున్నాం. పాట ఎత్తుకోగానే అందరూ లేచారు. మేమూ లేవబోయాం. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, బెంచీ అంచు ఆనుకుని, మెల్లగా. మొదటి చరణం అయిపోవచ్చింది. పాడుతున్న పెద్దావిడ మమ్మల్ని చూసి ఆగింది. మాలో ఆఖరి మనిషి నిటారుగా నిలబడేదాకా చర్చి అంతా ఎదురుచూసింది. అప్పుడు ఆమె పాటను మళ్లీ పల్లవి నుంచి అందుకుంది.