పసుపు మిల్లు పిల్లి

జమ్మలమడుగులో షాహీదాబీ మిల్లుకు పోయేవాళ్లెవరూ తెల్లబట్టలు కట్టుకుని పోరు. పసుపు ఆడించే ఆ రేకుల కొట్టంలో గోడలు, గడియారం, ఆమె కనుబొమలు అన్నీ ఒకటే రంగు. అక్కడే పుట్టి పెరిగిన మోతీ నిజానికి తెల్లపిల్లి. ఆ సంగతి షాహీదాబీకీ వానాకాలానికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

భర్త అల్లాబక్ష్ కువైట్‌కు పోయినప్పటినుంచి మిల్లు ఆమెదే. వల్లూరు రైతులు తెచ్చే పసుపు కొమ్మును విరిచి చూసి, ఎంత పండిందో చెప్పేస్తుంది. అలాంటి మనిషికి మోతీ చెవుల లోపల రంగు మారితే అనుమానమే రాలేదు. పసుపే కదా అనుకుంది. పిల్లి సరిగా తినక, వాంతులు చేసుకుని మూలన ముడుచుకుంటే ఎండదెబ్బ అనుకుంది.

పక్కన బట్టలు కుట్టే నాగవేణి ఒకరోజు తడిగుడ్డతో దాని చెవి తుడిచింది. గుడ్డకు పసుపు అంటింది కానీ చెవి రంగు పోలేదు.

"అక్కా, ఇది పైరంగు కాదు. లోపల్నించి వస్తాండాది. నోరు తెరిచి సూడు."

చిగుళ్లూ పచ్చగానే ఉన్నాయి.

"కామెర్లు" అంది షాహీదాబీ, కొంత ఊరటగా. కామెర్లంటే ఆమెకు తెలుసు. పులివెందులలో తమ్ముడు అబ్దుల్ వాహిద్‌కు వచ్చినప్పుడు మాంసం, నూనె మాన్పించి, మజ్జిగన్నంతో పత్యం పెట్టి మనిషిని చేసింది. మోతీకీ అదే పెట్టింది. మోతీ రెండు చుక్కల మజ్జిగ నాకి, అన్నం ముట్టలేదు. పత్యం గట్టిగానే సాగుతోందని ఆమె సంతోషించింది. దొడ్డికి సున్నంలా తెల్లగా పోతుంటే మజ్జిగ పనిచేస్తోందనుకుంది.

"పిల్లి సచ్చేదాకా పత్యం పెడతావా ఏంది?" అని నాగవేణి తిట్టి, మోతీని తట్టలో పెట్టి ఇద్దరినీ ప్రొద్దుటూరు బస్సెక్కించింది.

అక్కడి పశువైద్యుడు హరినాథ్ మోతీని తడిమి చూశాడు. "తిండి తిని ఎన్నాళ్లయింది?"

"పత్యం పెట్టినా సార్."

"పిల్లికి పత్యమేందమ్మా? తిండి ఆగితే ఒంట్లో కొవ్వంతా లివర్లో చేరుతుంది. అదింకో జబ్బు."

షాహీదాబీ మోతీ డొక్క మీద చెయ్యి వేసింది. నయం చేస్తున్నానని తానే చంపుతూ వచ్చిందా?

రక్తం తీశారు. స్కానింగు చేశారు. బూడిదరంగు తెర మీద డాక్టరు వేలు పెట్టి చూపించాడు. "లివర్లో పుట్టే పైత్యరసం ఈ గొట్టంలోంచి పేగులోకి పోవాల. చివర్లో రాయి అడ్డం పడింది. ఎనక గొట్టమంతా ఉబ్బిపోయింది సూడు. దొడ్డికి రంగొచ్చేది ఆ రసంతోనే. అది పేగులోకి పోక రక్తంలో కలిసి ఒంటికెక్కింది."

పసుపు ఉండాల్సిన చోట లేదు, ఉండకూడని చోట ఉంది. ఆమెకు అంతవరకే అర్థమైంది.

"మందుతో కరగదా సార్?"

"దారి తెరిచి ఉంటే రసం పారేదానికి మందిచ్చేవాణ్ణి. మూసుకున్నాక అదే మందు చేటు. కోయాల. ముందు రక్తం గడ్డకట్టేదానికి విటమిన్ కె సూది, సెలైను, ముక్కులో గొట్టం పెట్టి తిండి. కోసినా బతుకుతుందని మాట ఇయ్యలేను."

"కోయకుంటే?"

"పోతుందని మాట ఇయ్యగలను."

ఆమె బల్ల మీద కూర్చుంది. కోయించడం దయో, ఇంకో పొరపాటో తేలలేదు. తట్టలోంచి మోతీ తల ఎత్తి, ఆమె వేలికున్న పసుపును నాకింది. అది ఆకలో, అలవాటో. ఆకలే అయివుంటుందనుకుని లేచింది.

"కోయండి సార్."

పొట్ట మీద కుట్లతో మోతీ ఇంటికి తిరిగొచ్చింది. దారి తెరుచుకుందో లేదో దొడ్డికి రంగే చెబుతుందని, గోధుమ రంగుంటే తెరుచుకున్నట్టేనని డాక్టరు చెప్పి పంపాడు. మరునాడు షాహీదాబీ మిల్లు ఆపేసి, ఇసుక తట్ట ముందు కూర్చుంది.

"ఏందక్కా, ఇసకలో ఉంగరం పోయిందా?" అంది నాగవేణి.

"దొడ్డికి పోతాదేమోనని సూస్తాండా."

"శానా గొప్ప పనే పెట్టుకున్నావు."

మధ్యాహ్నానికి మోతీ ఇసుక గీకింది. ఇద్దరూ వంగారు.

"గోధుమ రంగేనా ఇది?"

"పచ్చగా లేదూ?"

"మిల్లు దుమ్ము పడిందేమో."

"ఈపొద్దు మిల్లు యాడ ఆడించినావు?"

షాహీదాబీ పుల్లతో దాన్ని వెలుగులోకి జరిపింది. ఆ రంగుకు పేరు దొరకలేదు. సున్నంలా మాత్రం లేదు. వాకిట్లో కొమ్ముల మూట దించిన రైతు, ఈపొద్దు ఆడిస్తావా లేదా అని అడిగాడు.

"ఉండప్పా" అంది ఆమె, తల ఎత్తకుండానే. "ఇంకొకసారి సూడనీ."